సెల్ఫ్ నొక్కితే బండి పలకట్లేదా? బ్యాటరీ కొనే ముందు ఈ వరుసలో చూడండి

పొద్దున పిల్లని స్కూల్లో దింపే టైము. తాళం తిప్పి సెల్ఫ్ నొక్కారు. ‘టక్’ మని ఒక్క చప్పుడు. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. గేటు దగ్గర నిలబడి చూస్తున్న పక్కింటాయన "బ్యాటరీ పోయినట్టుందండీ" అంటారు. సాయంత్రానికి మీ చేతిలో కొత్త బ్యాటరీ బిల్లు ఉంటుంది. బండి మాత్రం వారం తిరక్కుండానే మళ్లీ ‘టక్’ మంటుంది.

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఒకే వానాకాలంలో స్కూటరుకి రెండు బ్యాటరీలు మార్పించాం. రెండోది వేయించిన పది రోజులకే పాత గొడవ మొదలైంది. మూడోసారి నేనే కూర్చుని, మీటరు పట్టుకుని ఒక్కో చోటా చూసుకుంటూ వెళ్తే, ఇంజిన్‌కి ఎర్త్ వైరు (బ్యాటరీ నెగిటివ్ నుంచి వచ్చేది) బిగించిన బోల్టు కింద తుప్పు కనిపించింది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించడానికి పావుగంట పట్టింది. మొదటి బ్యాటరీలో అసలు ఏ లోపమూ లేదు. ఇంకో ఇంట్లో అలా డబ్బు పోకూడదని, ఎవరికి వాళ్లు చూసుకోగలిగేలా వరుసగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా విడిగా సెల్ఫ్ మోటారు ఉండే 100 నుంచి 125 సీసీ బైకులు, స్కూటర్ల గురించి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల బళ్లలో కొన్ని తేడాలున్నాయి, సందర్భం వచ్చినచోట చెబుతాను. తాడు లాగి స్టార్ట్ చేసే గడ్డి మిషన్లు, స్ప్రేయర్లు ఉన్న రైతుల కోసం కూడా కొంత ఉంది.

మొత్తం పనికి ఆధారం ఒక్క మాట. కరెంటు బ్యాటరీ పాజిటివ్‌లో బయల్దేరి, రిలే (సెల్ఫ్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే చిన్న డబ్బా) దాటి, మోటారుని తిప్పి, ఇంజిన్ బాడీ మీదుగా తిరిగి బ్యాటరీ నెగిటివ్‌కి చేరాలి. పోయే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం. ఈ చుట్టులో ఎక్కడ ఆగిందో పట్టుకోవడమే మన పని.

దగ్గర పెట్టుకోవలసినవి

కొన్ని వందల రూపాయలకు దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. దాంతోపాటు 10 నంబరు పానా, స్టార్ స్క్రూడ్రైవరు, ప్లగ్ పానా, ఒక ముక్క ఉప్పుకాగితం, పాత టూత్‌బ్రష్, కొంచెం వంటసోడా, వాజలైన్. ఒక కాగితం, పెన్ను కూడా పెట్టుకోండి. చూసిన రీడింగు వెంటనే రాసుకోకపోతే పది నిమిషాల తర్వాత మీ మీద మీకే అనుమానం వస్తుంది.

బండిని గాలి ఆడే చోట మెయిన్ స్టాండు మీద నిలబెట్టండి. బైకైతే న్యూట్రల్‌లో పెట్టండి. స్కూటరైతే వెనక చక్రం నేలకి తగలకుండా చూసుకోండి, పరీక్ష మధ్యలో ఉన్నట్టుండి స్టార్ట్ అయితే బండి ముందుకి దూకుతుంది. పెట్రోలు వాసన వస్తుంటే ముందు ఆ లీకు సంగతి చూడండి, అది తేలేదాకా కరెంటు పని ముట్టుకోవద్దు. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. బ్యాటరీ రెండు కొసల మధ్య లోహం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.

మొదటి అడుగు: చప్పుడు వినండి

ఏదీ విప్పకముందు తాళం ఆన్ చేసి, సెల్ఫ్ నొక్కి, చెవి పెట్టి వినండి. అయిదు సెకన్లకు మించి నొక్కి పట్టుకోవద్దు. మళ్లీ నొక్కే ముందు అరనిమిషం ఆగండి, లేకపోతే మోటారు వేడెక్కుతుంది, ఉన్న చార్జీ కూడా పోతుంది.

అసలు ఏ చప్పుడూ లేకపోతే చాలాసార్లు కరెంటు రిలే దాకా కూడా రావట్లేదని అర్థం. ‘టక్’ మని ఒక్కసారి వినిపించి ఆగిపోతే రిలే పనిచేయడానికి ప్రయత్నిస్తోంది గానీ మోటారు తిరగట్లేదు. ‘టకటకటక’ మని వరుసగా కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీలో బలం లేదనే అర్థం, లేదా టెర్మినల్ లూజుగా ఉంది. ఇంజిన్ బరువుగా, మూలుగుతూ తిరిగితే బ్యాటరీ బలహీనమైనా అయి ఉండాలి, దారిలో ఎక్కడో అడ్డం అయినా ఉండాలి. ఇంజిన్ బాగానే తిరుగుతూ అంటుకోకపోతే సెల్ఫ్‌లో తప్పు లేదు, ప్లగ్ వైపు చూడాలి. మోటారు ‘జుయ్’ మని ఖాళీగా తిరుగుతూ ఇంజిన్ కదలకపోతే అది కరెంటు సమస్యే కాదు. లోపల మోటారుని ఇంజిన్‌కి కలిపే వన్‌వే క్లచ్చో, గేరో అరిగింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

మీటరు లేకుండా చేసే పరీక్ష ఒకటుంది, నాకు చాలా ఇష్టం. హారన్ నొక్కి పట్టుకుని, అలాగే సెల్ఫ్ కూడా నొక్కండి. హారన్ గొంతు పూర్తిగా పడిపోతే తప్పు బ్యాటరీలోనో దాని టెర్మినల్స్‌లోనో ఉంది. హారన్ ఏమీ తగ్గకుండా మోగుతూనే ఉండి, మోటారు మాత్రం తిరగకపోతే బ్యాటరీ మీద నిందలు ఆపండి. దానికి అవతల, రిలే, మోటారు, ఇంజిన్ ఎర్త్ వైపు వెతకండి.

ఈ పరీక్షకి హెడ్‌లైటు పనికిరాదు. పాత కార్బురేటర్ బళ్లలో చాలావాటికి హెడ్‌లైటు నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వెలుగుతుంది, ఇంజిన్ తిరిగితేనే వస్తుంది. లైటు రాలేదు కాబట్టి బ్యాటరీ చచ్చిపోయిందని తేల్చేస్తుంటారు, అది పొరపాటు. హారన్, ఇండికేటర్లనే నమ్మండి.

రెండో అడుగు: ఏ చప్పుడూ లేకపోతే స్విచ్‌లు

ఇంజిన్ ఆపేసే కిల్ స్విచ్ ముందు చూడండి. పిల్లలు బండెక్కి ఆడుకుంటూ నొక్కేసి దిగిపోతుంటారు. దాన్ని ఆన్, ఆఫ్ ఇరవై సార్లు కదిలిస్తే లోపలి మడ్డి కూడా కొంత పోతుంది. సైడ్ స్టాండు దించి ఉంటే సెల్ఫ్ రానివ్వని బళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. స్టాండు పూర్తిగా ఎత్తినా దాని స్విచ్‌లో బురద ఇరుక్కుంటే బండికి అది ఇంకా దించి ఉన్నట్టే లెక్క. పొలం గట్ల మీద తిరిగే బళ్లకి ఇది మామూలే, నీళ్లతో కడిగి ఆరనివ్వండి.

స్కూటర్లలో బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. బ్రేకు లివరు కింద చిన్న స్విచ్ ఉంటుంది, అది పోతే సెల్ఫ్ మూగబోతుంది. ఎడమ బ్రేకు పట్టుకుని వెనక స్టాప్ లైటు చూడండి. తర్వాత కుడిది. ఏ బ్రేకుకి లైటు వెలగట్లేదో ఆ స్విచ్ పనిచేయట్లేదు. బైకుల్లో ఇదే పని క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ చేస్తాయి. మీటర్లో ఆకుపచ్చ న్యూట్రల్ లైటు వెలుగుతోందా చూడండి. వెలగకపోతే క్లచ్ పూర్తిగా పట్టి సెల్ఫ్ నొక్కండి.

తాళం ఆన్ చేసినా హారన్, ఇండికేటర్లు కూడా లేకపోతే ఫ్యూజు వైపు వెళ్లండి. బ్యాటరీ పక్కనే చిన్న డబ్బాలో ఉంటుంది, అందులోనే అదనపు ఫ్యూజు కూడా ఒకటి పెడతారు. పోయిన దాని స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. సిగరెట్ పెట్టె వెండి కాగితం, రాగి తీగ చుట్టి నడిపించేవాళ్లు ఉన్నారు. ఫ్యూజు కాలిందంటే ఎక్కడో షార్ట్ ఉందని చెప్పడానికే కాలింది. దాని నోరు మూసేస్తే తర్వాత కాలేది వైరింగ్. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే హ్యాండిల్ మెడ దగ్గర వైర్లు నలిగాయేమో, సీటు కింద ఎలుకలు కొరికాయేమో చూడండి.

వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజే సెల్ఫ్ పోయిందా? కంగారు పడొద్దు. స్విచ్‌లో నీరు చేరింది. గంట ఎండలో పెట్టండి. ఆరాక కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, స్విచ్‌ని చాలాసార్లు నొక్కి వదలండి.

మూడో అడుగు: బ్యాటరీ, మీటరు సాక్షిగా

మీటరుని 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టండి. ఎర్ర పిన్ను బ్యాటరీ పాజిటివ్‌కి, నల్లది నెగిటివ్‌కి ఆనించండి. బండి కనీసం గంట సేపు కదలకుండా ఉన్నాక చూస్తే రీడింగు నిజం చెబుతుంది.

12.6 నుంచి 12.8 వోల్టులు ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12.0 కి దిగిందంటే పావు వంతే మిగిలింది. 11.8 లేదా అంతకన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కోటి రెండు వోల్టుల చిల్లర ఇస్తుంది. 10.5 దగ్గర ఆగిపోయి, చార్జింగ్ పెట్టినా పైకి రాకపోతే ఒక గది చచ్చిపోయినట్టే, ఆ బ్యాటరీ మార్చాల్సిందే.

12.6 చూపించింది కదా అని సంతోషపడిపోవద్దు. పని లేనప్పుడు ప్రతి బ్యాటరీ మంచిదే. ఇప్పుడు పిన్నులు అలాగే ఆనించి ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ నొక్కమనండి. అంకె ఎంతకి పడిందో చూడండి. పదికి అటూ ఇటూగా నిలబడితే బ్యాటరీ బాగున్నట్టు. 9.5 కన్నా కిందికి జారిపోతే, ముందు పూర్తిగా చార్జి చేసి మళ్లీ ఇదే పరీక్ష చేయండి. నిండా చార్జి అయ్యాక కూడా కూలబడితే అప్పుడు కొనండి, నిశ్చింతగా కొనండి. అంకె 12.4 దగ్గరే కదలకుండా ఉండి మోటారు తిరగలేదంటే కరెంటు అసలు బయటికే పోవట్లేదు.

పిన్నులు ఎక్కడ ఆనించారన్నది కూడా చూసుకోవాలి. ఒకసారి బ్యాటరీ సీసపు కొస మీద, ఇంకోసారి దానికి బిగించిన వైరు రింగు మీద పెట్టి, సెల్ఫ్ నొక్కించి రెండు రీడింగులూ పోల్చండి. తేడా ఉందంటే ఆ రెండింటి మధ్య మడ్డి ఉంది. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి టూత్‌బ్రష్‌తో రుద్దండి. నురగ వచ్చి ఆగిపోయాక తడి తుడిచి, ఉప్పుకాగితంతో మెరిసేలా గీకి, గట్టిగా బిగించి, పైన పల్చగా వాజలైన్ రాయండి. విప్పేటప్పుడు ముందు నెగిటివ్, బిగించేటప్పుడు నెగిటివ్ చివర. ఈ వరుస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

చార్జి చేయడం గురించి ఒక మాట. స్కూటరు బ్యాటరీ చాలావాటిలో 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల చిన్నది. దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతోనే నింపాలి. 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 0.4 ఆంపియర్లు, అంటే దాదాపు రాత్రంతా. కారు బ్యాటరీలు నింపే పెద్ద చార్జరు పెట్టి గంటలో ఇచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు, లోపలి పలకలు వంగిపోతాయి. నడుస్తున్న కారు నుంచి వైర్లు వేసి స్టార్ట్ చేయడమూ వద్దు. మూత లేని సీల్డ్ బ్యాటరీని విప్పే ప్రయత్నం చేయకండి. మూతలున్న పాత రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

నాలుగో అడుగు: ఎర్త్ (దీన్ని మాత్రం దాటేయకండి)

ఎక్కువమంది చూడని చోటు ఇదే. నేను చూసిన బళ్లలో ఎక్కువ సార్లు తప్పు దొరికిందీ ఇక్కడే.

సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఉదాహరణకి 40 ఆంపియర్లు అనుకోండి. దారిలో ఒక బోల్టు కింద తుప్పు వల్ల 0.05 ఓమ్ అడ్డం ఉంది. చాలా చిన్నది, మామూలు మీటరు దాన్ని ఓమ్‌లలో సరిగా కొలవలేదు కూడా. కానీ 40ని 0.05తో గుణిస్తే రెండు వోల్టులు. మోటారుకి చేరాల్సిన పది వోల్టుల్లో రెండు ఆ తుప్పు దగ్గరే వేడిగా మారి పోతాయి. హారన్‌కి కావలసింది కొద్ది కరెంటే కాబట్టి అది బాగానే మోగుతుంది. హారన్ మోగుతోంది, మీటరు 12.6 చూపిస్తోంది, అయినా సెల్ఫ్ రాదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

కాబట్టి ఓమ్‌లు వదిలేసి, కరెంటు పారేటప్పుడు వోల్టులు కొలవాలి. మీటరు 20 డీసీలోనే ఉండనివ్వండి. నల్ల పిన్ను బ్యాటరీ నెగిటివ్ కొసకి. ఎర్ర పిన్ను ఇంజిన్ మీద పెయింటు లేని చోట, ఏదైనా ఒక బోల్టు తలకి గట్టిగా నొక్కి పట్టండి. సెల్ఫ్ నొక్కించండి. ఇంజిన్ తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో అంకె 0.2, 0.3 దాటకూడదు. ఒక వోల్టు, ఒకటిన్నర చూపిస్తే మీ దొంగ దొరికాడు.

ఇప్పుడు నెగిటివ్ వైరు పట్టుకుని అది ఎక్కడికి పోతోందో చూడండి. ఫ్రేముకో ఇంజిన్‌కో ఒక బోల్టు దగ్గర రింగుతో బిగించి ఉంటుంది. ముందు బ్యాటరీ నెగిటివ్ తీసేసి ఆ బోల్టు విప్పండి. మా స్కూటరులో పైకి రింగు బాగానే కనిపించింది. విప్పి తిరగేస్తే అడుగున బెల్లం రంగులో పొర, దాని చుట్టూ ఎండిన మట్టి, బోల్టు కూర్చునే చోట పెయింటు. లోహం లోహాన్ని ముట్టుకుంటున్నది ఒక పక్క బియ్యపు గింజంత మేరే. ఆ మూడు చోట్లా, అంటే రింగు, బోల్టు అడుగు, ఫ్రేము మీద ఆ స్థలం, తెల్లగా మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి. బిగించాక వాజలైన్ పూయండి. రింగు దగ్గర వైరు పోగులు తెగిపోయి, నాలుగైదు మాత్రమే మిగిలి ఉంటే కొత్త రింగు వేయించండి. తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఏడాదికోసారి వానలకు ముందే ఈ పని చేసుకుంటే మంచిది, ఉప్పుగాలికి ఇది త్వరగా వస్తుంది.

పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి. ఒక పిన్ను బ్యాటరీ పాజిటివ్‌కి, రెండోది మోటారు మీద మందపాటి వైరు బిగించిన బోల్టుకి. సెల్ఫ్ నొక్కినప్పుడు అర వోల్టు దాటితే ఆ దారిలో అడ్డం ఉంది. వదిలేసినప్పుడు 12 చూపిస్తుంది, అది మామూలే.

అయిదో అడుగు: రిలే, మోటారు

బ్యాటరీ పాజిటివ్ నుంచి మందపాటి వైరు పోయే చిన్న డబ్బానే రిలే. రెండు మందపాటి వైర్లు, రెండు సన్నవి ఉంటాయి. సెల్ఫ్ నొక్కితే సన్న వైర్లలో కరెంటు వచ్చి, లోపల రెండు మందపాటి కొసల్నీ కలుపుతుంది. ‘టక్’ అన్నది ఆ కలిసే చప్పుడే.

మీటరు రెండు పిన్నులూ రిలే మందపాటి కొసల మీద పెట్టి సెల్ఫ్ నొక్కండి. నొక్కకముందు 12 వోల్టుల దాకా చూపించినది, నొక్కగానే దాదాపు సున్నాకి పడిపోవాలి. ‘టక్’ అంటూనే 12 దగ్గరే నిలబడితే లోపలి ముఖాలు కాలిపోయాయి, రిలే మార్చండి. చప్పుడే లేకపోతే సన్న వైర్ల మధ్య కొలవండి. అక్కడికి 12 వోల్టులు వస్తూ కూడా పలకకపోతే రిలే కాయిల్ పోయింది. రాకపోతే తప్పు మళ్లీ స్విచ్‌ల వైపే.

మెకానిక్‌లు స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఆ రెండు మందపాటి కొసల్నీ కలుపుతారు, మీరు చూసే ఉంటారు. దాంతో మోటారు బాగుందో లేదో తెలుస్తుంది, నిజమే. కానీ పెద్ద రవ్వలు లేస్తాయి, పక్కనే బ్యాటరీ గ్యాసు, పెట్రోలు ఉంటాయి. పైగా అన్ని భద్రతా స్విచ్‌లనీ దాటేస్తుంది కాబట్టి గేరులో ఉంటే బండి దూకుతుంది. మీటరు అదే సంగతి ఏ ప్రమాదమూ లేకుండా చెబుతున్నప్పుడు ఇది అవసరం లేదు.

మోటారు దాకా నిండుగా కరెంటు వస్తోంది, ఎర్త్ బాగుంది, అయినా తిరగట్లేదు. అప్పుడు స్క్రూడ్రైవరు పిడితో మోటారు మీద మెల్లగా రెండు దెబ్బలు వేస్తూ సెల్ఫ్ నొక్కించండి. ఉలిక్కిపడి తిరిగిందంటే లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయాయి, స్ప్రింగు వాటిని సరిగా నెట్టలేకపోతోంది. మొత్తం మోటారు మార్చాలని చెప్పినా, కార్బన్ల సెట్టు ఒక్కటే దొరుకుతుందేమో ముందు స్పేర్ పార్ట్స్ షాపులో అడగండి. ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

బీఎస్6 స్కూటర్లలో చప్పుడు లేకుండా స్టార్ట్ అయ్యేవి ఉన్నాయి. వాటిలో విడిగా సెల్ఫ్ మోటారు ఉండదు, చార్జింగ్ చేసే మాగ్నెటే ఇంజిన్‌ని కూడా తిప్పుతుంది, ఈసీయూ అనే చిన్న కంప్యూటరు దాన్ని నడిపిస్తుంది. అలాంటి బండికి ఫ్యూజు, బ్యాటరీ, టెర్మినల్స్, ఎర్త్, బ్రేకు స్విచ్ వరకు మీరు చూసుకోండి. అంతకు మించి వైర్లు కలిపి చూడొద్దు.

ఆరో అడుగు: ఇంజిన్ తిరుగుతోంది, అంటుకోవట్లేదు

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే తాళం ఆన్ చేయగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు ‘జుమ్’ మని పంపు చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు, కిల్ స్విచ్, బ్యాటరీ వోల్టేజీ మళ్లీ చూడండి.

కొన్నిసార్లు నొక్కాక ప్లగ్ విప్పండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. కొస తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు, అది వేరే కథ. నల్లగా మసి పట్టి ఉంటే తుడిచి చూడండి. తెల్ల పింగాణీ మీద సన్నటి పగులు ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా మార్చేయండి. కొసల మధ్య సందు చాలా బళ్లకి 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్నది ఖాయం చేసుకోండి.

నిప్పు పరీక్ష ఇలా. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని మరలున్న భాగం ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనేలా, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉంచండి. రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, దాని మీద గుడ్డ కప్పండి. కిక్ కొట్టండి లేదా సెల్ఫ్ నొక్కండి. నీడలో చూస్తే నీలం రంగు రవ్వ ‘చట్ చట్’ మని పడాలి. ఎర్రగా, పల్చగా పడితే బలం చాలట్లేదు. వేల వోల్టులు ఉంటాయి కాబట్టి ప్లగ్‌ని చేత్తో పట్టుకోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికే రాకూడదు. ప్లగ్ లోహానికి ఆనకుండా గాల్లో వదిలి తిప్పినా కాయిల్, సీడీఐ (నిప్పుని నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా) దెబ్బతినవచ్చు.

రవ్వ లేకపోతే ముందు తెలిసిన మంచి ప్లగ్ పెట్టి చూడండి. తర్వాత ప్లగ్ క్యాప్. అది వైరుకి స్క్రూలా బిగించి ఉంటుంది, తిప్పితే వచ్చేస్తుంది. వైరు కొస పచ్చగా పాడైపోయి ఉంటే అయిదు మిల్లీమీటర్లు కత్తిరించి, కొత్త కొసకి క్యాప్ మళ్లీ తిప్పండి. పైసా ఖర్చు లేని ఈ పనితో లేచి కూర్చున్న బళ్లు చాలా చూశాను. క్యాప్ రెండు కొసల మధ్య ఓమ్‌లు కొలిస్తే చాలావాటిలో 5 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. మీటరు ఏమీ చూపించకపోతే లోపల తెగింది. చీకట్లో ఇంజిన్ తిప్పి చూస్తే, వైరు మీద పగులు ఉన్నచోట నీలం మెరుపులు కనిపిస్తాయి.

ఇవన్నీ బాగుంటే మిగిలినవి ఇగ్నిషన్ కాయిల్, నిప్పు ఎప్పుడు పడాలో చెప్పే పల్సర్ కాయిల్, సీడీఐ. వాటి కప్లర్లు (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడీలు) ఒకసారి విప్పి, పిన్నులు శుభ్రం చేసి, గట్టిగా నొక్కి పెట్టండి. సీడీఐని మీటరుతో తేల్చలేం. అదే మోడల్ ఇంకో బండిది పెట్టి చూడటమే మార్గం. అందుకే దాన్ని అన్నిటికన్నా చివర అనుమానించాలి, ముందే కొనకూడదు.

తాడు లాగే మిషన్లు

గడ్డి కోసే మిషన్, పవర్ స్ప్రేయర్ వంటి చిన్న ఇంజిన్లలో బ్యాటరీ ఉండదు. ఫ్లైవీల్ అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోయినప్పుడు నిప్పు పుడుతుంది. నిప్పు లేకపోతే కాయిల్ నుంచి స్టాప్ స్విచ్‌కి పోయే సన్న వైరు విప్పేసి ప్లగ్ పరీక్ష చేయండి. ఇప్పుడు రవ్వ పడితే కాయిల్ బాగుంది, స్విచ్చో వైరో బాడీకి తగులుతోంది. ఆ వైరు లేకుండా ఇంజిన్ స్టార్ట్ అయితే స్విచ్‌తో ఆగదు, చోక్ మూస్తే ఆగుతుంది, ముందే గుర్తుపెట్టుకోండి. అప్పటికీ రవ్వ లేకపోతే కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య తుప్పు గీకేసి, సందులో ఒక విజిటింగ్ కార్డు పెట్టి, కాయిల్‌ని దానికి ఆనించి స్క్రూలు బిగించి, కార్డు లాగేయండి. చాలా ఇంజిన్లకి కావలసిన 0.3 మిల్లీమీటర్ల సందు దాదాపు అంతే.

ఫోర్ స్ట్రోక్ పంపుసెట్లు, జనరేటర్లలో చాలావాటికి ఆయిల్ తగ్గితే నిప్పు ఆపేసే సెన్సారు ఉంటుంది. కాయిల్ మార్చే ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఇంజిన్ ఏటవాలుగా ఉన్నా సెన్సారుకి ఆయిల్ తగ్గినట్టే అనిపిస్తుంది, చదునైన నేల మీద పెట్టాలి.

ఏడో అడుగు: ఈ రోజు స్టార్ట్ అయింది, రేపు మళ్లీ?

బండి స్టార్ట్ అయ్యాక వదిలేయకుండా ఇంకో రీడింగు తీసుకోండి. మీటరు బ్యాటరీ మీద పెట్టి, ఇంజిన్‌ని బాగా రేజ్ చేయండి. 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 12.6 నుంచి కదలకపోతే చార్జింగ్ లేదు, మాగ్నెట్ కాయిల్ లేదా రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసేది) చూపించాలి. ముందు రెగ్యులేటర్ కప్లర్ తీసి చూడండి, ప్లాస్టిక్ గోధుమ రంగులో కాలి ఉంటే మీ సమస్య అక్కడే. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, అలాగే నడిపితే కొత్త బ్యాటరీని కూడా ఉడికించేస్తుంది.

చార్జింగ్ బాగున్నా రెండు మూడు రోజులు వదిలేస్తే బ్యాటరీ దిగిపోతోందా? ఎక్కడో కరెంటు లీకు ఉండొచ్చు. తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగిటివ్ విప్పండి. మీటరుని 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఎర్ర పిన్నుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, విప్పిన వైరుకీ బ్యాటరీ నెగిటివ్‌కీ మధ్య మీటరు ఉండేలా ఆనించండి. ఇలా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. డిజిటల్ గడియారం ఉన్న బండి కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగితే పరవాలేదు. 50 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు నాలుగు రోజుల్లో ఖాళీ. తర్వాత పెట్టించిన అలారం, మొబైల్ చార్జర్, రంగు లైట్లు ఒక్కొక్కటే విప్పుతూ మీటరు చూడండి. దేన్ని విప్పినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోయిందో, రాత్రంతా మీ బ్యాటరీని తాగుతున్నది అదే.